ముందు అడుగు టీచరమ్మదే!

పరాయి గడ్డ మీద పుట్టి పెరుగుతున్న పిల్లలకు కూచిపూడి నేర్పాలని ఉందా? గజ్జెలు కొనకముందే, హాలు వెతుక్కోకముందే ఆలోచించుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. హారిసన్ నుంచి ప్రత్యేక కథనం.

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాకు ఉత్తరాన, గంగాలిన్ ప్రాంతంలో ఉంటుంది మా హారిసన్. ఫ్లెమింగ్టన్ రోడ్డు మీద 2019 ఏప్రిల్ నుంచి లైట్ రైలు నడుస్తోంది. సాయంత్రం పూట నల్లార్‌బోర్ ఎవెన్యూ స్టాపులోనో, వెల్ స్టేషన్ డ్రైవ్ స్టాపులోనో కాసేపు నిలబడితే చాలు... ఎవరో ఒకరు ఫోన్లో తెలుగులో మాట్లాడుతూ దిగుతారు. ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2016 జనాభా లెక్కల్లో 34 వేల పైచిలుకు. 2021 నాటికి ఆ సంఖ్య 59 వేలు దాటింది. అందులో మా వాటా చిన్నదే అయినా, ఉగాది వచ్చినా దీపావళి వచ్చినా హాలు నిండిపోతుంది. ఏటా ఫిబ్రవరిలో ఊరి నడిబొడ్డున జరిగే నేషనల్ మల్టీకల్చరల్ ఫెస్టివల్ సంగతి సరేసరి.

వేడుక అన్నాక పిల్లల డ్యాన్సు ఉండాల్సిందే కదా! మరి ఆ డ్యాన్సు నేర్పేదెవరు? ఇక్కడ టీచర్లు కావాలనుకునేవాళ్లలో రెండు రకాలు కనిపిస్తారు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో చిన్నప్పుడు నేర్చుకుని, పెళ్లి, వీసా, ఉద్యోగం హడావిడిలో పదేళ్లు గజ్జెలు పక్కన పెట్టి, ఇప్పుడు మళ్లీ తీద్దామనుకుంటున్న అమ్మలు ఒక రకం. ఇక్కడే పుట్టి, ఎనిమిదో పదో ఏళ్లు నేర్చుకుని, అరంగేట్రం అయిపోయి, చిన్నపిల్లలకు అడుగులు దిద్దుతూ ‘అక్కా’ అనిపించుకుంటున్న అమ్మాయిలు రెండో రకం. అరుదుగా అబ్బాయిలూ ఉంటారు.

ఇద్దరూ అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. ‘మేం నేర్పొచ్చా? మాకు ఆ అర్హత వచ్చిందా?’

సర్టిఫికెట్ ఉందా, ఎన్ని ప్రదర్శనలిచ్చారు, ఎవరి శిష్యులు... ఇవన్నీ అడగదగ్గవే. వాటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుందని మాకనిపిస్తుంది. ‘ఈ వారం మీరు సాధన చేశారా?’ చేసి ఉంటే నేర్పే హక్కు సగం వచ్చినట్టే. ఎందుకంటారా?

పిల్లలు వినరు... చూస్తారు!

లెక్కలు నేర్పే మాస్టారు కుర్చీలో కూర్చుని నోటితో చెప్పినా పని జరుగుతుంది. నాట్యానికి ఆ సౌకర్యం లేదు. పాఠ్యపుస్తకం, నల్లబల్ల, పరీక్ష పేపరు అన్నీ టీచరు ఒంట్లోనే ఉంటాయి. అరమండి అంటే ఏమిటో ఆరేళ్ల పిల్లకు మాటల్లో ఎంత చెప్పినా ఎక్కదు. మడమలు దగ్గర, మోకాళ్లు పక్కలకు, వెన్ను నిటారుగా... అని టీచరు కూర్చుని చూపిస్తే క్షణంలో పట్టేస్తుంది. అంతే తేలిగ్గా టీచరు చేసే తప్పునీ పట్టేస్తుంది!

టీచరు అరమండి సగంలోనే ఆపేస్తే క్లాసులో పదిమందీ సగంలోనే ఆపుతారు. టీచరు చెయ్యి ఒకవైపు, చూపు ఇంకోవైపు ఉంటే పిల్లల చూపులూ గోడ గడియారం మీదే ఉంటాయి. రెండో కాలంలో తాళం జారి, ‘సర్లే, ఏం కాదు’ అని టీచరు నవ్వేసిందనుకోండి. తాళం జారినా ఏం కాదన్న పాఠం ఆరోజు అందరికీ బాగా వచ్చేస్తుంది. ఆ పదిమందిలో ఇద్దరు రేపు టీచర్లయితే ఆ తప్పు ఇంకో ఇరవైమందికి వెళ్తుంది. పదేళ్ల తర్వాత దిద్దాలంటే ఎవరి తరం? మొక్కై వంగనిది మానై వంగునా!

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. టీచరు క్లాసుకు పావుగంట ముందే వచ్చి, ఎవరూ చూడట్లేదన్నట్టు మూలన నిలబడి అడవులు చేసుకుంటోందనుకోండి. ముందొచ్చిన పిల్లలు తలుపు దగ్గరే ఆగి చూస్తారు. ఒకచోట తప్పి, ఆగి, మళ్లీ మొదటినుంచి చేసుకుంటే అదీ చూస్తారు. ఇంటికెళ్లే దారిలో కారులో ఏమంటారో తెలుసా? ‘అమ్మా, అక్కకి కూడా తప్పొచ్చింది. మళ్లీ చేసింది!’ సాధన గురించి మనం ఇంట్లో నెల రోజులు పోరినా రాని మార్పు ఆ ఒక్క మాటతో వస్తుంది. ఈ మాట వినని తల్లిదండ్రులు మాలో తక్కువే.

మొదటి కాలంలో, అంటే బాగా నెమ్మదిగా అడవు చేయడం పిల్లలకు మహా విసుగు. ఎప్పుడెప్పుడు వేగంగా కొడదామా అని చూస్తుంటారు. ఒంటి నిలకడ తెలిసేది మాత్రం ఆ నెమ్మదిలోనే. ‘నిదానమే ప్రధానం’ అని ఎంత చెప్పినా తలకెక్కదు. టీచరే వాళ్లతోపాటు పదినిమిషాలు మొదటి కాలంలో చెమట పట్టేలా చేస్తే మాత్రం మారుమాట్లాడకుండా చేస్తారు.

గురువులూ ఒకప్పుడు సహాయకులే

ఈ విషయంలో మన పెద్దలు వేసిన దారి ఉంది. పేర్లు అందరికీ తెలిసినవే. వాళ్లు గురువులెలా అయ్యారన్నది మాత్రం మన పిల్లలకు ఎక్కువగా చెప్పం.

వెంపటి చినసత్యం గారినే తీసుకోండి. 1929లో కృష్ణా జిల్లా కూచిపూడిలో పుట్టారు. తాడేపల్లి పేరయ్య శాస్త్రి గారి దగ్గర పాఠాలు మొదలుపెట్టారు. తర్వాత మద్రాసు చేరి, సినిమాలకు నృత్యాలు కూర్చే వెంపటి పెదసత్యం గారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. అంటే ఈరోజు మన హాల్లో చిన్నపిల్లల వరస సరిచేస్తూ నిలబడే అక్క చేస్తున్న పనే! అలా ఏళ్ల తరబడి పక్కన నిలబడి నేర్చుకుని, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ‘శ్రీనివాస కల్యాణం’, ‘చండాలిక’ లాంటి నృత్యనాటకాలు అక్కణ్నుంచే వచ్చాయి. 1998లో పద్మభూషణ్ అందుకున్నారు. 2012లో కన్నుమూశారు. అకాడమీ కంటే ముందు ఆ సహాయకుడి ఏళ్లు ఉన్నాయన్నది టీచరు కావాలనుకునే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ఆయన శిష్యురాలు శోభానాయుడు గారిది ఇంకో పాఠం. సత్యభామగా, పద్మావతిగా, చండాలికగా ఆమెను చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. హైదరాబాద్‌లో సొంతంగా అకాడమీ నడుపుతూ వందలమందికి నేర్పుతూనే, తానూ వేదిక ఎక్కడం ఆపలేదు. 2001లో పద్మశ్రీ అందుకున్న ఆమె 2020 అక్టోబరులో వెళ్లిపోయారు. టీచరయ్యాక నాట్యం మానేయక్కర్లేదని ఆమె శిష్యులకు ఎవరూ ఉపన్యాసమిచ్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

నటరాజ రామకృష్ణ గారి సంగతి మరీ ముచ్చటైంది. అప్పటికే పేరున్న కళాకారుడు. అయినా నాయుడుపేట రాజమ్మ, పెండ్యాల సత్యభామ లాంటి కళావంతుల దగ్గర శిష్యుడిలా కూర్చుని నేర్చుకున్నారు. లోకం వాళ్లను చిన్నచూపు చూస్తున్న రోజులవి! ఆయన మాత్రం వాళ్లను గురువులుగా నెత్తిన పెట్టుకున్నారు. ఆంధ్రనాట్యం నిలబడిందంటే ఆ వినయమే కారణం. పేరిణి నృత్యాన్నీ ఆయనే మళ్లీ లేపారు. 1985 మహాశివరాత్రికి రామప్ప గుడి దగ్గర పేరిణి ఆడించారు. ఆ గుడికే 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆయన 2011లో పోయారు. గురువు అనిపించుకున్నాక కూడా శిష్యుడిగా ఉండొచ్చని చూపించి మరీ వెళ్లారు.

ఇక వేదాంతం సత్యనారాయణ శర్మ గారు... సత్యభామ వేషం అంటే ఆయనే. అన్నగారు వేదాంతం ప్రహ్లాద శర్మ దగ్గర నేర్చుకున్నారు. ఆడవాళ్లే ఆయన నడక చూసి ఆశ్చర్యపోయేవారంటారు. ఆ నడక మాటలతో వచ్చేది కాదు. చూసి చూసి, చేసి చేసి ఒంట బట్టించుకున్నదే.

మాకు దగ్గర్లోనూ దారి ఉంది. సిడ్నీలో లింగాలయం సంస్థను నిలబెట్టిన ఆనందవల్లి గారు భరతనాట్యంతో పాటు కూచిపూడీ నేర్చినవారే. కాన్‌బెర్రా నుంచి సిడ్నీకి కారులో మూడు గంటలు. టీచరు కావాలనుకునేవాళ్లు నెలకోసారైనా ఆ దారి పట్టి పెద్దల దగ్గర కూర్చోవడం తలకుమించిన పనేం కాదు. శనివారం క్లాసు చెప్పే టీచరు, ఆదివారం తనూ విద్యార్థిగా సిడ్నీ వెళ్లిందని పిల్లలకు తెలిస్తే... అంతకంటే ఏం కావాలి?

పదో తరగతి తర్వాత ఏమవుతుంది?

మా దగ్గర ఓ చిక్కుంది. హారిసన్ స్కూలు పదో తరగతి దాకే. ఆ తర్వాత రెండేళ్ల చదువుకు పిల్లలు గంగాలిన్ కాలేజీ లాంటి చోట్లకు మారతారు. సరిగ్గా అప్పుడే నాట్యం క్లాసుల్లో ఖాళీలు కనిపిస్తాయి. పదకొండు, పన్నెండు తరగతులంటే యూనివర్సిటీ సీటుకు కావాల్సిన మార్కులు, చేతిఖర్చులకు పార్ట్‌టైం ఉద్యోగం, కారు లైసెన్సు... వీటన్నిటి మధ్య గజ్జెలు అల్మారాలోకి వెళ్లిపోతాయి. ‘చదువు అయ్యాక మళ్లీ చేస్తుందిలెండి’ అంటాం మనం. చేసేవాళ్లు ఎంతమంది?

టీచరు కావాలనుకునే అక్క విలువ తెలిసేది ఇక్కడే. పదేళ్ల పిల్లకు టీచరు చాలా పెద్దమనిషి. అమ్మ వయసు. ఆమెలా అవ్వాలని పిల్ల అనుకోదు. పదిహేడేళ్ల అక్క అలా కాదు. తన స్కూలే, తన యాసే, తనలాగే ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిషు. ఆ అక్క పరీక్షలున్నా వారానికోసారి వస్తోందంటే, ‘ఓహో, ఇది చదువుతో పాటు చేసుకోవచ్చన్నమాట’ అని పిల్లకు అర్థమవుతుంది. అక్క మానేస్తే అదీ అర్థమవుతుంది. మరుసటి ఏడాది మరో ఇద్దరు మానేస్తారు.

అలాగని భారమంతా ఆ అమ్మాయి నెత్తిన పెట్టేయడమూ తగదు. సహాయం చేస్తోంది కదా అని వారానికి మూడు క్లాసులు అప్పజెప్పి, తనకు నేర్పడం మానేసే చోట్లు లేకపోలేదు. రెండేళ్లలో ఆ అమ్మాయి విసిగిపోతుంది. నేర్పే ప్రతి గంటకూ నేర్చుకునే గంట ఒకటి ఉండాలి. చేసిన పనికి ఎంతో కొంత ముట్టజెప్పాలి. పరీక్షల నెలలో సెలవివ్వాలి. ఆ అక్కతో టీచరు ఎలా మసలుకుంటోందో కూడా పిల్లలు చూస్తూనే ఉంటారు మరి!

చట్టం, చలి, మోకాళ్లు

ఆదర్శం అంటే అడుగులే కాదు. చూడటానికి చిన్నగా కనిపించే కాగితం పనులు కూడా అందులోవే. మా ఆస్ట్రేలియన్ కేపిటల్ టెరిటరీలో పిల్లలతో పనిచేసే వాళ్లెవరైనా ‘వర్కింగ్ విత్ వల్నరబుల్ పీపుల్’ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 2011లో చేసిన చట్టం అది. 16 ఏళ్లు నిండినవాళ్లందరికీ వర్తిస్తుంది. జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా నేర్పినా తప్పదు. స్వచ్ఛంద సేవకులకు ఫీజు ఉండదు. ‘మనవాళ్ల పిల్లలే కదా, మనకెందుకు ఈ గొడవంతా’ అనుకోవద్దు. పదహారేళ్ల సహాయకురాలి చేత కూడా మొదటిరోజే అప్లికేషన్ పెట్టించే టీచరును చూస్తే తల్లిదండ్రులకు ధైర్యం. ఆ అమ్మాయికి బాధ్యత తెలుస్తుంది.

పాటల సంగతీ అంతే. క్లాసులోనో, కార్యక్రమంలోనో రికార్డు చేసిన పాటలు వాడాలంటే లైసెన్సు కావాల్సి రావచ్చు. 2019లో మొదలైన వన్‌మ్యూజిక్ ఆస్ట్రేలియా ఆ పని చూస్తుంది. హాలు అద్దెకు తీసుకునేటప్పుడు ఇన్సూరెన్సు అడుగుతారు. ఇవన్నీ కనుక్కుని, ఖర్చు లెక్కేసుకుని ఫీజు పెట్టుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు.

ఇక మోకాళ్లు. మన నాట్యంలో పాదం నేలకు గట్టిగా తగలాలి. కూచిపూడిలో గెంతులూ ఎక్కువే. కాంక్రీటు మీద పరిచిన టైల్స్‌పై వారం వారం అలా కొడితే ఆ దెబ్బంతా మడమలకు, మోకాళ్లకు, నడుముకు పడుతుంది. కింద కాస్త ఖాళీ ఉండి ఊగే చెక్కనేల దొరికితే అదృష్టమే. దొరక్కపోతే గెంతులు తగ్గించుకోవాలి. మా కాన్‌బెర్రా చలి తెలిసిందే కదా! జులైలో తెల్లవారుజామున సున్నా కంటే కిందికి పడిపోతుంది. చలికి బిగుసుకున్న కండరాలతో ఒక్కసారిగా అరమండిలో కూర్చుంటే పట్టేయడం ఖాయం. పది నిమిషాలు ఒళ్లు వెచ్చబరుచుకోవాల్సిందే.

డ్యాన్సర్లకు దెబ్బలు ఎందుకు తగులుతున్నాయన్న దాని మీద ఆస్ట్రేలియా ఎప్పుడో కళ్లు తెరిచింది. 1977లో మొదలైన ఆస్‌డాన్స్ సంస్థ తరఫున 1990లోనే ‘సేఫ్ డాన్స్’ నివేదిక వచ్చింది. ఇంత పని ఇక్కడే జరిగి ఉంటే, మన క్లాసుల్లో ఇంకా ‘నొప్పి ఉంటేనే నాట్యం వస్తుంది’ అనే మాట వినబడటం న్యాయమా? టీచరు తన మోకాలికి పట్టీ కట్టుకుని, పళ్లు బిగించి ఆడితే పిల్లలు నొప్పి దాచుకోవడం నేర్చుకుంటారు. ‘ఇవాళ నాకు మోకాలు బాలేదు. నేను గెంతను, చేత్తో చూపిస్తా. మీకెవరికైనా నొప్పుంటే చెప్పండి’ అంటే చెప్పడం నేర్చుకుంటారు. పిల్ల భుజం సరిచేసే ముందు ‘పట్టుకోనా?’ అని అడగడం కూడా అలాంటిదే. ఇక్కడి స్కూళ్లలో పిల్లలకు అలవాటైన మర్యాద అది. మన క్లాసులోనూ దొరకాలి.

‘తెలీదు’ అనగలగాలి

ఇక్కడి పిల్లలు ఊరికే తలూపరు. అడుగుతారు. ‘సత్యభామకి అంత పొగరెందుకు?’, ‘కృష్ణుడికి అంతమంది భార్యలెందుకు?’, ‘ఈ పదానికి అర్థమేంటి?’ మనకు అలవాటు లేక కాస్త ఇబ్బందే. ‘ఎదురు మాట్లాడకు’ అని నోరు మూయిస్తే ఆ రోజుకు క్లాసు సాగుతుంది. ప్రశ్న మాత్రం మళ్లీ రాదు. కొన్నాళ్లకు పిల్లా రాదు.

‘ఈ మాటకి అర్థం నాకూ సరిగ్గా తెలీదు. మా గురువుగారిని అడిగి వచ్చేవారం చెప్తా’ అంటే ఏమవుతుంది? పరువేం పోదు. టీచరుకూ ఓ గురువుందని, ఆమె ఇంకా నేర్చుకుంటోందని పిల్లలకు తెలుస్తుంది. ఈ రోజుల్లో గురువు విజయవాడలో ఉన్నా వాట్సాప్‌లోనో జూమ్‌లోనో దొరుకుతారు. అలా అడిగి తెచ్చిన జవాబు పిల్లలకు ఎక్కువకాలం గుర్తుంటుంది కూడా.

చరిత్ర విషయంలోనూ ఇదే నిజాయితీ కావాలి. కూచిపూడి సంప్రదాయానికి సిద్ధేంద్ర యోగిని మూలపురుషుడిగా చెప్పుకుంటాం. ‘భామాకలాపం’ ఆయనదే అంటాం. మంచిదే. దాంతోపాటు గుళ్లలో, కొలువుల్లో తరాల తరబడి నాట్యాన్ని మోసిన కళావంతుల గురించీ చెప్పాలి. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చాక వాళ్ల బతుకులు, వాళ్ల కళ ఏమయ్యాయో వయసొచ్చిన పిల్లలకు చెప్పాలి. తెలియకపోతే చదివి చెప్పాలి. పుస్తకం పట్టుకున్న టీచరును చూస్తే పిల్లలూ పుస్తకం పడతారు.

తెలుగు గురించి వేరే చెప్పాలా? ‘ఎడమ’, ‘కుడి’, ‘ముందుకు’, ‘వెనక్కి’ అనే నాలుగు మాటలు తెలుగులో వాడినా క్లాసు ఆగిపోదు. పదానికి అర్థం తెలియకుండా ముఖంలో అలకా రాదు, సిగ్గూ రాదు. అభినయమంతా ఉన్నదే మాటలో!

మగపిల్లలేరీ?

ఇదో తమాషా. శతాబ్దాల పాటు కూచిపూడిలో ఆడవేషాలు కట్టింది మగవాళ్లే. ఆడపిల్లలకు ఈ విద్య నేర్పొచ్చని గట్టిగా నమ్మి తలుపు తెరిచినవాళ్లలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ముందుంటారు. ఇప్పుడేమో క్లాసు నిండా ఆడపిల్లలే. అబ్బాయిలు గుమ్మం దాకా చెల్లెల్ని దింపడానికొచ్చి వెళ్లిపోతున్నారు! ‘వాడికి క్రికెట్ ఉందండీ’ అంటాం. అన్నలో నాన్నలో ఒక్కరు వరసలో నిలబడితే చాలు, ఇంకో ఇద్దరు వస్తారు. నాన్నల కోసం ఓ చిన్న పరిచయ క్లాసు పెట్టి చూడమని టీచర్లకు మా సలహా. నవ్వులాటగా మొదలైనా పరవాలేదు. వీధిలో ఉండే వియత్నాం పిల్లో, ఆస్ట్రేలియా పిల్లో నేర్చుకుంటానని వస్తే చేరదీయడమూ ఇందులో భాగమే. తలుపు తెరిచిన పెద్దల శిష్యపరంపర కదా మనది!

అరంగేట్రం తొందర

అసలు ఇబ్బంది టీచర్ల దగ్గర కంటే మా తల్లిదండ్రుల దగ్గరే ఎక్కువ. ‘మా అమ్మాయికి అరంగేట్రం ఎప్పుడండీ? ఫలానావాళ్ల పాపకి అయిపోయిందట!’ హాలు, వాద్య బృందం, నగలు, ఆహ్వానపత్రికలు, భోజనాలు... చిన్నసైజు పెళ్లి. పిల్ల ఒళ్లు, మనసు సిద్ధమయ్యాయా అన్న ప్రశ్న ఈ సందడిలో వెనక్కి పోతుంది. కొత్తగా మొదలుపెట్టిన టీచరుకు ‘కాదు’ అనడం కష్టమే. నలుగురు పిల్లలు వెళ్లిపోతే హాలు అద్దె ఎలా కట్టాలి?

అలాంటప్పుడు నోటితో వాదించే బదులు చేసి చూపించడమే మేలు. టీచరే సంఘం వేడుకలో ముందు వరస పిల్లలకిచ్చి, తను వెనక వరసలో ఆడొచ్చు. లేదంటే ఓ పక్కన కూర్చుని నట్టువాంగం చేయొచ్చు. ఏటా తనే ఓ కొత్త అంశం నేర్చుకుని, చిన్న గదిలో ముప్పైమంది ముందు ఆడి చూపించొచ్చు. మైకులు, పూలదండలు, శాలువాలు లేని ఆ సాయంత్రం చూసినవాళ్లకు, నాట్యం అంటే ఒక్కరోజు పండగ కాదని అర్థమవుతుంది. ఆడంబరం లేకుండా ఆడటాన్ని పిల్లలు టీచరు దగ్గర కాకపోతే ఇంకెక్కడ చూస్తారు?

పెద్ద వేదికల సంగతి అంటారా... 2010 డిసెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో సిలికానాంధ్ర ఆధ్వర్యంలో 2,800 మంది ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు కెక్కారు. దేశవిదేశాల నుంచి వెళ్లారు. గర్వపడాల్సిందే. అన్ని వేల పాదాలు ఒక్క తాళానికి పడ్డాయంటే, వాటి వెనక ఎన్ని ఊళ్లలో, ఎన్ని అద్దె హాళ్లలో, ఎంతమంది పేరు తెలియని టీచర్లు చెక్క మీద కర్రతో తాళం వేసి ఉంటారో కదా! రికార్డులో వాళ్ల పేర్లు ఉండవు. ఆ అడుగుల్లో ఉంటారు.

హారిసన్ పేరులోనూ ఉంది

మేముండే ఈ పేటకు పీటర్ హారిసన్ పేరు పెట్టారు. కాన్‌బెర్రాను తీర్చిదిద్దిన నేషనల్ కేపిటల్ డెవలప్‌మెంట్ కమిషన్‌లో ఆయన ప్రధాన నగర ప్రణాళికావేత్త. ఈ నగరానికి మొదట ప్లాను గీసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ పనిని ఏళ్ల తరబడి చదివి, దాని విలువ నలుగురికీ తెలిసేలా చేశారు. గ్రిఫిన్ మీద ఆయన చేసిన పరిశోధన, ఆయన పోయాక 1995లో పుస్తకంగా వచ్చింది. ఒకరు గీసిన గీతను ఓపిగ్గా చదివి తర్వాతివాళ్లకు అందించిన మనిషి పేరున్న చోట, సిద్ధేంద్రుడి నుంచి వచ్చిన అడుగును అందించాలనుకునేవాళ్లు ఉండటం మాకైతే ముచ్చటగా అనిపిస్తుంది.

కాబట్టి తల్లిదండ్రులుగా మనం చేయాల్సింది కూడా కొంత ఉంది. పిల్లల్ని చేర్పించేటప్పుడు ఎన్ని బహుమతులొచ్చాయని కాకుండా, టీచరు ఇప్పుడు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారో, ఎప్పుడు సాధన చేస్తారో అడుగుదాం. పిల్లల రిజిస్ట్రేషన్లు, మోకాళ్లు, నేల గురించి అడిగితే ఆమె నొచ్చుకోకపోతే మంచి చోటికే వచ్చామని అర్థం. అరంగేట్రం గురించి రెండేళ్ల పాటు నోరెత్తకుండా ఉందాం. పరీక్షల మధ్య కూడా వారానికోసారి వచ్చి చిన్నపిల్లల పాదాలు దిద్దే ఆ పదిహేడేళ్ల అక్క కనిపిస్తే, ఓసారి ఆగి ‘బాగా చెప్తున్నావమ్మా, నీ సాధన ఎలా సాగుతోంది?’ అని పలకరిద్దాం.

ఆ పలకరింపుతో ఆమె ఇంకో ఏడాది ఆగిందనుకోండి, ఆమెను చూసి ఓ పదిమంది పిల్లలు ఆగుతారు. ఏమంటారు?